వియత్నాం ప్యాకేజీ సమీక్ష: ఏర్పాట్లు సరే, ఎంచిన నెల సంగతేమిటి?

దసరా సెలవుల్లో హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ ప్యాకేజీలో మా కుటుంబం వియత్నాం వెళ్లి వచ్చింది. హనోయ్‌లో దిగి, హాలాంగ్ బేలో ఒక రాత్రి క్రూజ్ ఓడలో గడిపి, తర్వాత విమానంలో దనాంగ్ చేరి, హోయ్ ఆన్ చూసుకుని, హోచిమిన్ సిటీలో తిరుగు విమానం ఎక్కడం ఈ ప్యాకేజీ క్రమం. ధరల్లోనూ హోటళ్ల స్థాయిలోనూ తేడాలున్నా, మన దగ్గర ఏజెన్సీలు అమ్మే వియత్నాం యాత్రలు చాలావరకు ఈ దారినే నడుస్తాయి. అందువల్ల ఏజెన్సీ పేరు కన్నా, ఈ క్రమాన్ని పన్నెండు నెలలూ ఒకే మాట చెప్పి అమ్మవచ్చా అన్నది చదువరులకు ఎక్కువ అవసరమని భావించి, ఆ విషయం మీదే వివరంగా రాస్తున్నాను.

ఏర్పాట్ల విషయంలో మాకు ఫిర్యాదు లేదు. ఈ-వీసా దరఖాస్తులు వాళ్లే నింపారు. ఒకసారి ప్రవేశానికి ప్రభుత్వ రుసుము 25 డాలర్లు కాగా, దానిపై తమ సేవా రుసుమెంతో విడిగా చూపించారు. శాకాహారులున్నారని ముందే చెప్పినందువల్ల ఓడలో కూడా వేరుగా వండి పెట్టారు. గైడ్లు సమయం తప్పలేదు, దుకాణాల చుట్టూ తిప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి ఇవి చిన్న విషయాలు కావు.

లోపమంతా కాలం దగ్గరే ఉంది. "వియత్నాం ఏడాది పొడవునా అనుకూలం" అని వారి కరపత్రంలో ఉంది. అక్టోబరు ఎలా ఉంటుందని మేము అడిగినప్పుడు, రద్దీ తక్కువగా ఉంటుందని, దనాంగ్‌లో హోటల్ ధరలు కూడా తగ్గుతాయని చెప్పారు. రెండూ నిజమే. అయితే ఆ ధరలు ఎందుకు తగ్గుతాయో చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే కదా.

వియత్నాం ఉత్తర దక్షిణాలుగా దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవున, నడుమ కొన్ని చోట్ల 50 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉండేంత సన్నగా సాగిన దేశం. ఆ సన్నని నడుము భాగానికి పడమటి వైపున అన్నామైట్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. మే నుంచి వీచే నైరుతి గాలులు ఉత్తరాన హనోయ్‌కీ దక్షిణాన హోచిమిన్ సిటీకీ వానలు తెస్తాయి కానీ, మధ్య తీరానికి వచ్చేసరికి తమ తేమనంతా కొండలకు అవతలి వైపే వదిలేసి, ఇవతలికి పొడిగా, వేడిగా దిగుతాయి. అక్కడివారు దాన్ని లావోస్ గాలి అంటారు. సెప్టెంబరులో గాలి దిశ మారడం మొదలైన తర్వాత పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది: ఈశాన్య గాలులు సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చి అవే కొండలకు ఇవతలి వైపు నుంచి తగలడంతో, ఉత్తరాన వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లోనే హుయే, దనాంగ్, హోయ్ ఆన్ ప్రాంతాల్లో అసలైన వానాకాలం మొదలవుతుంది.

నెల్లూరు, తిరుపతి జిల్లాల వారికి ఇది కొత్త విషయమేమీ కాదు. తెలంగాణలో వానలు వెనక్కి పోయాక, ఆశ్వయుజ కార్తీకాల్లో వాళ్లకు చెరువులు నిండేది ఈశాన్య గాలుల వల్లనే. వియత్నాం మధ్య తీరంలో జరిగేది అదే, అయితే తీవ్రత మాత్రం చాలా ఎక్కువ. హుయేలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిస్తే, అందులో సగానికి బాగా మించి సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. హైదరాబాదులో ఏడాదంతా పడే వాన ఎంతో, ఇంచుమించు అంత వాన అక్కడ సగటున ఒక్క అక్టోబరులోనే పడుతుందంటే, దసరా సెలవులకు ఆ తీరాన్ని ఎంచుకోవడం ఎంత సాహసమో అర్థమవుతుంది.

అదే అక్టోబరులో హనోయ్ మాత్రం మాకు ఎంతో ప్రసన్నంగా కనిపించింది. వేసవి ఉక్క పోయి, చలి ఇంకా రాని ఈ కొద్ది వారాలే ఆ నగరానికి ఏడాదిలో మంచి కాలమని అక్కడివారు చెప్పుకుంటారు. హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ ఉదయం పూట చెమట పట్టకుండా నడవగలిగాము. లేత బంకవరి గింజలను వేయించి దంచి చేసే, తామరాకులో కట్టి అమ్మే ఆకుపచ్చని అటుకులు దొరికే కాలం కూడా ఇదే. కరపత్రంలో వీటి మాటే లేకపోయినా, వాటి కోసమైనా శరదృతువులో హనోయ్ వెళ్లవచ్చునని నా నమ్మకం. హాలాంగ్ బేలో ఆకాశం తేటగా ఉండి, సున్నపురాతి కొండలు దూరం వరకు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి.

దనాంగ్‌లో దిగినప్పటి నుంచీ ముసురు. బానా కొండల మీద, రాతివిలా కనిపించే రెండు భారీ చేతులు మోస్తున్నట్టు 2018లో కట్టిన బంగారు వంతెన చూడడం ప్యాకేజీలో ముఖ్య ఆకర్షణ. కేబుల్ కారు నడిచింది కానీ, పైకి చేరాక మబ్బు కమ్మి వంతెన అవతలి కొస కూడా కనిపించలేదు. హోయ్ ఆన్‌లో తూబాన్ నది నీరు గట్టు వెంట ఉన్న వీధి మెట్ల దాకా రావడంతో, దీపాల పడవలను ఆ సాయంత్రం ఆపేశారు. ఇదేమీ అరుదుగా జరిగే సంగతి కాదు. ఆ పాత పట్టణంలో వరద నీరు ఎంతెత్తున వచ్చిందో ఇళ్ల గోడల మీద గుర్తులు పెట్టుకుంటారు. 2025 అక్టోబరు చివరలో హుయే, హోయ్ ఆన్ రెండూ నీట మునిగాయి. నాలుగో శతాబ్దం నుంచి, ఒకప్పుడు మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజులు భద్రేశ్వరుడి పేరుతో శివుణ్ణి కొలిచిన మీసన్ ఇటుక గుళ్లు హోయ్ ఆన్‌కు దగ్గరలోనే ఉన్నాయి. మన యాత్రికులు తప్పక చూడదగిన ఆ చోటును, దారి బురదగా ఉందన్న కారణంతో, మా క్రమం నుంచి తీసేశారు. డబ్బు తిరిగి ఇచ్చారు. కానీ చూడాలనుకున్న చోటుకు అది బదులు కాదు.

హోచిమిన్ సిటీలో వానాకాలం చివరి రోజులు. మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు గట్టిగా కురిసి వెలిసేది, సాయంత్రానికి రోడ్లు ఆరేవి. దీనితో ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు.

ఈ ఏజెన్సీ చేయగలిగి కూడా చేయనిది ఒకటుంది. అక్టోబరులో వచ్చే కుటుంబాలకు దనాంగ్, హోయ్ ఆన్ తీసేసి, వాటి బదులు ఉత్తరాన నిన్‌బిన్, హాజియాంగ్ వంటి చోట్లను చేర్చి, హనోయ్ నుంచే తిరుగు ప్రయాణం పెట్టవచ్చు. సెప్టెంబరులోనే వెళ్లగలిగినవారికి సాపా కొండల్లో మెట్ల పొలాలు కోతకు పండి పసుపు రంగులో ఉంటాయి. అక్టోబరుకు చాలావరకు కోతలు అయిపోతాయి. దేశమంతా ఒక్క వారంలో చుట్టి రావాలన్న కోరిక కొనేవారి నుంచే వస్తుందని ఏజెన్సీ వారు అనవచ్చు. ఆ కోరిక నిజమే కానీ, ఏ నెలలో అది నెరవేరదో తెలిసినవారు చెప్పకపోతే మరెవరు చెబుతారు?

మన కుటుంబాలు పిల్లల సెలవులను బట్టే ప్రయాణం పెట్టుకుంటాయి కనుక, "ఉత్తమ కాలం ఏది" అన్న ప్రశ్నను తిప్పి, "మనకున్న సెలవుల్లో ఏ ప్రాంతం బాగుంటుంది" అని అడగడం ఉపయోగకరం. వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల వరకు, దనాంగ్ తీరమే సరైనది: సముద్రం నెమ్మదిగా ఉంటుంది, వాన తక్కువ, అక్కడి మీ ఖే (My Khe) అనే బీచ్ పిల్లలకు బాగుంటుంది. ఎండ మన కోస్తా ఎండలాగే ఉంటుంది కాబట్టి మీసన్‌కు తెల్లవారగానే బయలుదేరి, పది గంటల లోపు తిరిగి రావాలి. అప్పుడు హనోయ్ ఉక్కగా ఉంటుంది, ఒక రోజుకు మించి పెట్టుకోనక్కరలేదు. సంక్రాంతి సెలవులకైతే దక్షిణం వైపు వెళ్లాలి. హోచిమిన్ సిటీ, మెకాంగ్ డెల్టా, 1,500 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే డాలాట్, ఫూక్వాక్ దీవి అప్పుడు పొడిగా, హాయిగా ఉంటాయి. ఆ నెలలో హనోయ్ వెళ్లేవారు స్వెటర్లు తప్పక పెట్టుకోవాలి; ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర ఉన్నా, ఎండ లేని ఆ తడి చలి మనకు అలవాటైన చలికాలం వంటిది కాదు. సాపాలో కొన్ని రాత్రులు నీరు గడ్డకడుతుంది.

సెలవులతో పని లేనివారికి, పదవీ విరమణ చేసినవారికి, మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు వెళ్లమని చెబుతాను. ప్యాకేజీ క్రమమంతా ఒక్క యాత్రలో ఓ మోస్తరుగా కుదిరే కాలం ఇదొక్కటే. అప్పుడు కూడా హాలాంగ్ బేలో సన్నని తుంపర, పొగమంచు ఉండవచ్చు. దక్షిణాన ఎండ ముదిరి ఉంటుంది. అయినా ఏ ప్రాంతమూ పూర్తిగా మూతపడదు. జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఎప్పుడైనా వచ్చే వారి కొత్త సంవత్సరం, టెట్, తేదీ చూసుకోకుండా టికెట్లు కొనవద్దు. ఆ వారం దేశమంతా సొంత ఊళ్లకు వెళుతుంది, రైళ్లలోనూ దేశీయ విమానాల్లోనూ చోటు దొరకదు, కుటుంబాలు నడిపే భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి. 2027లో టెట్ ఫిబ్రవరి 6న వస్తుంది.

హోయ్ ఆన్ వెళ్లేవారికి మరో మాట. అక్కడ చాంద్రమానం ప్రకారం ప్రతి నెలా 14వ రాత్రి, అంటే ఇంచుమించు మన శుద్ధ చతుర్దశి నాడు, పాత పట్టణంలో విద్యుద్దీపాలు తగ్గించి కాగితపు లాంతర్లు వెలిగిస్తారు. మన పంచాంగం చూసుకుని ఆ రాత్రి అక్కడ ఉండేలా క్రమాన్ని ఒక రోజు జరపమని ఏజెన్సీని అడగవచ్చు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు హాలాంగ్ బే కోరుకునేవారు తుఫానుల విషయం మరింత శ్రద్ధగా చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో యాగీ తుఫాను ఆ తీరాన్నే తాకింది. 2025 జూలై 19న అకస్మాత్తుగా వచ్చిన గాలివానకు అక్కడ పర్యాటకుల పడవ తిరగబడి ముప్పై మందికి పైగా మరణించారు. హెచ్చరిక ఉన్న రోజున అధికారులు ఓడలను ఆపేస్తే దానికి విసుక్కోకూడదు. ఆపని రోజున కూడా వాతావరణం బాగాలేదనిపిస్తే ఎక్కకుండా ఉండే హక్కు మనకు ఉండాలి. మా ఒప్పందంలో ఓడ రద్దయితే ఎంత తిరిగి ఇస్తారో రాశారు కానీ, మనమే మానుకుంటే ఏమిటన్నది రాయలేదు. డబ్బు కట్టే ముందు ఆ వాక్యాన్ని అడిగి రాయించుకోవాలి; అందుకు ఒప్పుకోని ఏజెన్సీకి వానాకాలంలో హాలాంగ్ యాత్ర అప్పగించకూడదు.