మినీవ్యాన్ నెత్తిన ఓ పెట్టె: రూఫ్ కార్గో బాక్స్‌తో కొన్నేళ్ల అనుభవం

మినీవ్యాన్ ఉండగా మళ్లీ పైన ఈ పెట్టె ఎందుకని మా ఇంటికొచ్చినవాళ్లు అడుగుతుంటారు. మామూలు రోజుల్లో అది సబబైన ప్రశ్నే. మా టొయోటా సియెన్నాలో మూడో వరుస సీట్లు మడిచి దించేస్తే సగం సంసారం ఎక్కించొచ్చు. కానీ ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారంటే ఆ వరుస మడవడానికి లేదు. ఆరుగురం కూర్చున్నాక వెనక మిగిలేది ఓ గుంట. రెండు సూట్‌కేసులు, ఓ కూలర్ పెడితే నిండిపోతుంది. మంచు మీద జారడానికి కాళ్లకి తగిలించుకునే స్కీలు, పెద్దవాళ్లవైతే, అందులో ఎటు తిప్పినా పట్టవు.

మేముండేది సియాటిల్ పక్కన సమామిష్‌లో. చలికాలం స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ కొండల్లో స్కీయింగ్. ఎండలొస్తే క్యాంపింగ్, చెరువుల్లో గాలి నింపుకునే ప్యాడిల్ బోర్డులు. మధ్యలో వారాంతాల్లో మేరీమూర్ పార్కులో క్రికెట్. ఇవన్నీ ఒకే బాక్స్‌తో లాక్కొస్తున్నాం. 16 ఘనపుటడుగులది, అంటే దాదాపు 450 లీటర్లు. ఏబీఎస్ ప్లాస్టిక్, రెండు వైపుల నుంచీ తెరుచుకుంటుంది. బ్రాండ్ ఏదని అడక్కండి. స్వీడన్‌లో 1942లో మొదలైన థూలీ కానివ్వండి, మా రాష్ట్రంలోనే పుట్టిన యాకిమా కానివ్వండి, ఈ సైజులో పెద్ద తేడా ఉండదు. మీ కారు పైకప్పు మీద అడ్డంగా బిగించే బార్లకి ఏది సరిగ్గా కూర్చుంటుంది, ఏది తక్కువకి దొరుకుతుంది, అది చూసుకుంటే చాలు.

కొనేముందు చాలామంది చూడని లెక్క బరువుది. బాక్స్ కాగితాల మీద 75 కిలోలు మోస్తుందని ఉంటుంది. అది బాక్స్ సంగతి. కారు పైకప్పు ఎంత మోయగలదో కారు మాన్యువల్‌లో వేరుగా ఉంటుంది, అందులో బార్ల బరువు, బాక్స్ బరువు కూడా కలిసే ఉంటాయి. కారు పరిమితి 75 కిలోలనుకోండి. బాక్స్ 21, బార్లు ఓ ఐదారు పోతే సామానుకి మిగిలేది 50 కిలోల లోపే. అందుకని మా ఇంట్లో ఒకటే పద్ధతి: పొడుగ్గా ఉండేవి, బరువు లేనివి పైకి. స్కీలు, పోల్స్, స్లీపింగ్ బ్యాగులు, జాకెట్లు, టెంటు, క్రికెట్ ప్యాడ్లు అన్నమాట. నీళ్ల క్యాన్లు, స్టవ్వు, కట్టెలు, బ్యాట్ల సంచి కింద. బరువు పైకెక్కే కొద్దీ మలుపుల్లో బండి ఊగడం మీకే తెలుస్తుంది.

స్కీ బూట్లు కూడా పైన పెట్టం. రాత్రంతా చలిలో ఉన్న బూటు పొద్దున్నకి రాయిలా బిగుసుకుపోతుంది. ఆ ప్లాస్టిక్ విప్పారదు, కాలు దూరదు. పార్కింగ్ లాట్‌లో పిల్లాడు ఏడుస్తుంటే మోకాలి మీద కూర్చుని వాడి మడమ లోపలికి నొక్కడం కంటే, బూట్లు సీట్ల కింద హీటర్ గాలి తగిలేచోట పెట్టుకోవడం మేలు. మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు కూడా అంతే. మా వాషింగ్టన్ రాష్ట్రంలో గొలుసులు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు కూడా వాటిని వెంట ఉంచుకోవాల్సిందే. అవి పైన స్కీల అడుగున ఉంటే, మంచు కురుస్తుండగా రోడ్డు పక్కన బాక్స్ మొత్తం దించుకోవాలి.

రెండు వైపులా తెరుచుకోవడం విలాసం అనుకునేవాణ్ణి. కాదు. రోడ్డు పక్కన ఆపితే ట్రాఫిక్ వైపు నుంచి తీయక్కర్లేదు, అదొక్కటే చాలు. ఇంకో సుఖం మినీవ్యాన్‌కే ప్రత్యేకం: పక్క తలుపు వెనక్కి జరిపేసి ఆ గడప మీద నిలబడితే చెయ్యి బాక్స్ మధ్య వరకూ అందుతుంది. మా ఆవిడ ఎత్తు ఐదడుగుల ఒకటి. స్టూల్ లేకుండా తనే సర్దేస్తుంది.

తాళం మాత్రం కాస్త పేచీ. మూత పొడవు కాబట్టి మధ్యలో నొక్కితే ముందు కొక్కెం పడదు. అన్ని కొక్కేలూ పడితే తప్ప తాళంచెవి బయటికి రాదు. ఆ పద్ధతి మంచిదే, మూత సగం పడి ఉండగా బయల్దేరే ప్రమాదం లేదు. కానీ మైనస్ డిగ్రీల్లో గ్లవ్స్ తీసి, ఓ చేత్తో ముందు మూల నొక్కుతూ ఇంకో చేత్తో చెవి తిప్పుతుంటే వేళ్లు మొద్దుబారతాయి. చెవి రాలేదంటే తొంభై పాళ్లు ముందు మూలలో ఏదో జాకెట్ చెయ్యి ఇరుక్కుని ఉంటుంది. తెరిచేముందు మూత మీది మంచు దులపాలి, లేకపోతే అంచున ఉన్నదంతా స్లీపింగ్ బ్యాగుల మీద పడుతుంది. తాళం గడ్డకట్టినప్పుడు కొట్టే స్ప్రే జేబులో ఉంచుకోండి. బాక్స్‌లో పెట్టుకునే మహానుభావులు కూడా ఉన్నారు.

వాన సంగతికొస్తే, పైనుంచి ఎంత కురిసినా నీళ్లు లోపలికి రాలేదు. హైవే మీద ఎదురు వానలో మాత్రం వెనక మూల కాస్త తడి చేరుతుంది. అసలు తడి మనం తెచ్చేదే: మంచు అంటిన స్కీలు, ఆరని టెంటు. ఇంటికి రాగానే రెండు వైపులా తెరిచి ఆరబెట్టకపోతే సియాటిల్ గాలికి రెండ్రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది.

పెట్రోలు ఖర్చు గురించి అమెరికా ప్రభుత్వ ఫ్యూయల్ ఎకానమీ వెబ్‌సైట్ లెక్క ఇది: పెద్ద బాక్స్ పెడితే ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, గంటకి 65–75 మైళ్ల వేగంలో 10 నుంచి 25 శాతం మైలేజీ పోతుంది. మా అనుభవం దీనికి దగ్గరగానే ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్ సియెన్నాకి చెప్పే సగటు గ్యాలన్‌కి 35 మైళ్లు. బాక్స్‌తో ఐ-90 హైవే ఎక్కితే 28, 29 దగ్గర ఆడుతుంది. అందులో చలి వాటా, ఎక్కుడు వాటా ఉన్నా, వేగం 70 నుంచి 62కి తగ్గితే అంకె పైకి రావడం కళ్లారా చూడొచ్చు. బాక్స్ కంపెనీలు ఎలాగూ 130 కిలోమీటర్లు, అంటే 80 మైళ్లు దాటొద్దంటాయి. అక్కడిదాకా ఎందుకు, తూర్పుకి వెళ్తూ వాంటేజ్ దగ్గర కొలంబియా నది వంతెన ఎక్కండి. పక్క నుంచి గాలి కొట్టిందంటే స్టీరింగ్ మీద రెండు చేతులూ వాటంతటవే బిగుస్తాయి. అమ్మ అక్కడ ప్రతిసారీ ఆంజనేయ దండకం ఎత్తుకుంటుంది.

కాబట్టి పని లేనప్పుడు దించేయండి. నా దృష్టిలో ఈ బాక్స్ మంచిదా కాదా అన్నది దీని మీదే ఉంది. ఏడాదంతా పైన ఉంచుకుని ఆఫీసుకి తిరిగేవాళ్లని చూస్తుంటాను, డబ్బు గాలికి పోయడమే. ఏడడుగుల వస్తువు కాబట్టి ఒక్కరే దించడం కష్టం, ఇద్దరు కావాలి. మేం గ్యారేజ్ కప్పుకి కప్పీలు, తాళ్లు బిగించి అక్కడే వేలాడదీస్తాం. మళ్లీ ఎక్కించేటప్పుడు బిగించేముందు వెనక డోర్ పూర్తిగా ఎత్తి చూడండి. మినీవ్యాన్ డోర్ పైకి లేచి బాక్స్ తోకకి తగులుతుంది. నాలుగంగుళాలు ముందుకి జరిపితే అదీ పోయింది, 60 దాటాక వచ్చే ఈల శబ్దం కూడా సగం తగ్గింది. ఓ ముప్పై మైళ్లు తిరిగాక, బాక్స్‌ని బార్లకి పట్టి ఉంచే క్లాంపులు మళ్లీ ఓసారి బిగించాలి.

ఎత్తు ఇంకో తలనొప్పి. బాక్స్‌తో మా బండి ఏడడుగుల ఆరంగుళాలు. ఇంటి గ్యారేజ్ తలుపు ఏడడుగులు. డౌన్‌టౌన్ అండర్‌గ్రౌండ్ పార్కింగుల్లో చాలాచోట్ల ఆరడుగుల ఎనిమిదంగుళాలకే ఇనుప కడ్డీ వేలాడుతుంటుంది. శాన్ వాన్ దీవులకి ఫెర్రీ బుక్ చేసేటప్పుడు బండి ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు దాటుతుందా అని అడుగుతారు, నిజం చెప్పాలి. మా ఆవిడ డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఇంకుతో 7-6 అని రాసి అంటించింది. బాక్స్ దించినా ఆ కాగితం తీయనివ్వదు.

బండి వెనక బంపర్ దగ్గర ఉండే హిచ్ అనే కొక్కేనికి తగిలించే బాక్స్ గురించి కూడా అడుగుతారు. మైలేజీ నష్టం తక్కువే, హైవే మీద 1 నుంచి 5 శాతం. ఎత్తి పెట్టే శ్రమా లేదు. కానీ మంచు రోడ్ల ఉప్పు బురదంతా దాని మీదే పడుతుంది, వెనక డోర్ తీయాలంటే దాన్ని వంచాలి. మా హిచ్ ఎలాగూ సైకిళ్లకే అంకితం.

కొత్తది బార్లతో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది. తొందర లేకపోతే వేసవి మొదట్లో పాతవి చూడండి, స్కీ సీజన్ అయ్యాక అమ్మేవాళ్లు దొరుకుతారు. మూత మూలల్లో పగుళ్లు, ఎండకి తెల్లబోయిన ప్లాస్టిక్, క్లాంపుల పళ్లు పరీక్షించాలి. తాళంచెవి ఒక్కటే ఇస్తే భయపడక్కర్లేదు. దాని మీద చిన్న నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ఇంకోటి తెప్పించుకోవచ్చు. ఇంటికి తెచ్చిన రోజే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.