యార్క్ చర్చి కోర్టు దస్త్రాల ఆన్‌లైన్ సూచిక: వాడే ముందు తెలియాల్సినవి

17వ శతాబ్దపు ఇంగ్లండ్ పట్టణాల్లో పెళ్లికాని ఆడపిల్ల కడుపుతో ఉందన్న పుకారు కోర్టు దాకా ఎలా వెళ్లేదో చూడాలంటే, యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ సంస్థ వారి ‘కాజ్ పేపర్స్’ (చర్చి కోర్టుల కేసు కాగితాలు) డేటాబేస్‌కు సాటి తక్కువ. ఉచితం. 1300–1858 మధ్య కేసులు 14,000కు పైనే.

ఇలాంటి పుకార్లపై వేసిన పరువునష్టం దావాలతో మొదలుపెట్టండి. ఇంటిపేరుతో వెతికితే చాలా జారిపోతాయి, ఒకే పేరును నాలుగు రకాలుగా రాసేవారు. ఊరి పేరే నయం. 1640ల నుంచి 1660 దాకా ఖాళీ కనబడితే కంగారొద్దు, అప్పుడు చర్చి కోర్టులు మూతపడ్డాయి. తేదీలతో మాత్రం జాగ్రత్త! అప్పటి కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1623 ఫిబ్రవరి అంటే మన లెక్కన 1624. ఇది మరిస్తే పెళ్లికీ బిడ్డ బాప్టిజానికీ మధ్య నెలల లెక్క తప్పి, నిర్దోషిపై నింద వేస్తాం.

ఇది సూచిక మాత్రమే, పూర్తి పాఠం కాదు. ఏ గుమ్మం దగ్గర ఎవరు తిట్టారో, ఎవరు విన్నారో చెప్పే ప్రాణమంతా సాక్షుల వాంగ్మూలాల్లో ఉంది. అవి ఇంగ్లిష్‌లోనే ఉన్నా ఆనాటి చేతిరాత కష్టం. కోర్టు నడిపిన తంతును నమోదు చేసే కాగితాలు లాటిన్‌లో ఉంటాయి.

తండ్రి ఎవరన్న తగువుకు ఇది చాలదు. ప్రసవవేదనలో మంత్రసాని రాబట్టిన పేరు, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డల పోషణపై వచ్చిన 1576 చట్టం కింద ఇద్దరు మేజిస్ట్రేట్లు వేసిన పోషణ ఖర్చు కావాలంటే కౌంటీ ఆర్కైవ్‌లలో క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి మేజిస్ట్రేట్లు జరిపే కోర్టు) దస్త్రాలు తిరగేయాలి.