చమత్కారాల పుట్టుక తేల్చే క్వోట్ ఇన్వెస్టిగేటర్

ఎదుటివారి నోరు మూయించే గడుసు జవాబు ఒకటి ప్రచారంలోకి వచ్చిందంటే, దానికి ఎవరో ఒక ప్రసిద్ధుడి పేరు తగిలించేదాకా జనం ఊరుకోరు. ఆ పేరు ఎంతవరకు నిజమో ఓపికగా తేల్చే ఉచిత వెబ్‌సైటు క్వోట్ ఇన్వెస్టిగేటర్. గార్సన్ ఓటూల్ అనే కలం పేరుతో ఒక పరిశోధకుడు దీనిని 2010 నుంచి నడుపుతున్నారు.

నేను అందులో మొదట వెతికింది చర్చిల్ జవాబు. "నేను మీ భార్యనైతే మీ కాఫీలో విషం కలిపేదాన్ని" అని బ్రిటిష్ పార్లమెంటు సభ్యురాలు నాన్సీ ఆస్టర్ అంటే, "నేను మీ భర్తనైతే ఆ కాఫీ తాగేసేవాణ్ణి" అని ఆయన బదులిచ్చారన్న కథ చాలామంది విన్నదే. ఇదే హాస్యాన్ని ఈ సైటు 1899 నాటి అమెరికా పత్రికలో చూపిస్తుంది. అక్కడ విషమిస్తానన్న స్త్రీకి గాని, పుచ్చుకుంటానన్న పురుషుడికి గాని పేరే లేదు. అప్పటికి చర్చిల్ ఇంకా పార్లమెంటులో అడుగుపెట్టలేదు. ఆస్టర్ సభ్యురాలు కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ఇదే జవాబును మరో బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్‌కు కూడా అంటగట్టారని చదివినప్పుడు, దీనిని మొదట అల్లిన ఆ అనామకుడి మీద నాకు నిజంగా జాలి కలిగింది.

ప్రతి వ్యాసం ఒక పాఠకుడి ప్రశ్నతో మొదలై, ముందుగా తన నిర్ణయం చెప్పి, ఆపైన దొరికిన ఆధారాలను కాలక్రమంలో పేరుస్తుంది. పాత పత్రికలు, పుస్తకాల స్కాన్‌లు అందుబాటులోకి రావడం వల్లనే ఇలాంటి వెతుకులాట సాధ్యమైంది. అయితే ఆ స్కాన్‌లను భద్రపరిచే డేటాబేసులలో సంచికల తేదీలు తప్పుగా నమోదు కావడం కద్దు. అందుకే అచ్చుప్రతిని స్వయంగా చూసి సరిపోల్చిన చోట ఆ సంగతిని ఆధారం పక్కనే రాస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ జాగ్రత్తే. అంతకన్నా పాత ఆధారం దొరికితే తన నిర్ణయాన్ని సవరించుకోవడానికీ ఓటూల్ వెనుకాడరు.

లోపాలు లేకపోలేదు. మాటలో కీలకపదం గుర్తులేకపోతే వెతకడం కష్టం. వ్యాసాలు దీర్ఘంగా, ఒకే విషయాన్ని తిరగవేసినట్లు అనిపిస్తాయి. పరిశోధన ప్రధానంగా ఆంగ్ల పత్రికల మీదే ఆధారపడినందువల్ల, నోటిమాటగా పుట్టి ఆలస్యంగా అచ్చెక్కిన చమత్కారాల విషయంలో అక్కడ కనిపించే తేదీని మొట్టమొదటి ముద్రణగా మాత్రమే తీసుకోవాలి. ఉపన్యాసంలోనో వ్యాసంలోనో ఒక ఛలోక్తిని ఎవరి పేరునైనా ఉటంకించబోయేవారు ముందుగా ఇక్కడ ఒకసారి సరిచూసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.