పే స్లిప్పులో ఆ ఒక్క పద్దు: యూనియన్ సభ్యత్వంపై సమీక్ష

మా సంస్థలోని కార్మిక సంఘానికి నేను పదకొండేళ్లుగా చందా కడుతున్నాను. మూల వేతనంలో ఒక శాతం చొప్పున ప్రతి నెలా పే స్లిప్పులో ఆదాయపు పన్ను కింద ఇంకో కోతగా అది కనిపిస్తుంది. మొదటి నాలుగేళ్లూ దాన్ని మరో పన్నుగానే భావించానని ఒప్పుకోవాలి.

ఇలా జీతంలోనే చందా మినహాయించి యాజమాన్యం సంఘానికి జమచేసే పద్ధతిని చెక్-ఆఫ్ అంటారు. అమెరికాలో 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం ఉద్యోగి రాతపూర్వకంగా అనుమతిస్తేనే ఈ కోత చెల్లుతుంది. ఆ అనుమతిని రద్దు చేసుకోవడానికి వీల్లేకుండా ఏడాదికి మించి కట్టిపడేయడం కూడా కుదరదు. చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితంలో రద్దు నిబంధన ఏముందో చదువుకోవాలి. నేను చదవలేదు.

చందా విలువ నాకు తెలిసివచ్చింది ఐదో ఏట, స్టోర్స్ లెక్కల్లో తేడా వచ్చిందంటూ నాకు సంజాయిషీ నోటీసు అందినప్పుడు. భయపడి, పొరపాటు జరిగింది, మన్నించండి అని జవాబు రాసుకుని వెళితే, సంఘం ప్రతినిధి దాన్ని చదివి మొదటి వాక్యాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. "చేయని తప్పు మీరే రాసిస్తే ఇక విచారణ దేనికండీ? ముందు ఆ రోజు రిజిస్టరు నకలు అడగండి" అన్నారు. నకలు వచ్చాక చూస్తే సరుకు తీసుకున్నట్టు ఉన్న సంతకం నాది కాదు. విచారణలో ఆయన నా పక్కనే కూర్చున్నారు, నోటీసు రద్దయింది. శిక్షకు దారితీయగల విచారణలో యూనియన్ ప్రతినిధిని వెంట ఉంచుకునే హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1975లో వైన్‌గార్టెన్ కేసులో సమర్థించింది. అయితే హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన నియమాలు తెలిసిన మనిషి మన పక్కన కుర్చీలో ఉండడు. ఆయన శిక్షణకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు అందరి చందాలోంచే రావాలి.

వేతన ఒప్పందం సంగతి ఇంత సూటిగా తేలదు. చర్చలు జరిపేది సంఘమే అయినా పెరిగిన జీతం చందా కట్టనివారికీ అందుతుంది, కాబట్టి కట్టడం ఎందుకన్న ప్రశ్న ప్రతి క్యాంటీన్‌లోనూ వినబడుతుంది. ఫోర్డ్ కార్మికుల సమ్మె తర్వాత 1946లో కెనడా న్యాయమూర్తి ఐవాన్ రాండ్ దీనికి ఒక పరిష్కారం చెప్పారు: సంఘంలో చేరమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, కానీ ఒప్పందం వల్ల లాభపడేవారంతా చందా మొత్తం చెల్లించాలి. అమెరికా సుప్రీంకోర్టు 2018లో జానస్ కేసులో, ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో, సభ్యులు కానివారి నుంచి అలాంటి రుసుము వసూలు చేయకూడదని తీర్పు ఇచ్చింది. నాకు రాండ్ వాదనే న్యాయంగా తోస్తుంది, అయితే తనకు నచ్చని సంఘానికి డబ్బు కట్టాల్సివచ్చే వ్యక్తి బాధ కూడా కొట్టిపారేయదగినది కాదు.

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో నిరుద్యోగ భృతి నిధులకు యూనియన్లతో దగ్గరి సంబంధం ఉండడం అక్కడ సభ్యత్వానికి పెద్ద ఆకర్షణ. మా సంఘానికి అలాంటిదేమీ లేదు. సమ్మె నిధి ఒకటి ఉంది, నేను చేరాక దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

నా అసంతృప్తి అంతా లెక్కల మీదే. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి పద్దులు చదివే వేగానికి కాగితం మీద రాసుకోవడం కూడా సాధ్యం కాదు, పైగా "ఇతర ఖర్చులు" అన్న పద్దు ఏటా లావెక్కుతోంది. అమెరికాలో యూనియన్లు ఏటా కార్మిక శాఖకు ఆర్థిక నివేదిక ఇవ్వాలని 1959లోనే చట్టం చేశారు. బ్రిటన్‌లో రాజకీయ ఖర్చుకు వేరే నిధి ఉండాలన్న నియమం 1913 నాటిది. మా దగ్గర సభ్యులు అడిగితే తప్ప వివరం రాదు. నిరుడు లిఖితపూర్వకంగా అడిగితే ఈసారి నోటీసు బోర్డు మీద ఒక పేజీ అంటించారు. కోర్టు ఖర్చులు, ప్రయాణాలు, సమ్మె నిధి నిల్వ విడివిడిగా చూపించారు. "ఇతర ఖర్చులు" మాత్రం మూడో పెద్ద పద్దుగా అలాగే ఉంది. రెండో ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకున్నాను.