బాండా, జీతమా, పని నేర్పడమా? సివిల్ పిల్లల్ని ఏది నిలబెడుతుంది?

సివిల్ ఇంజనీరింగ్ చదివి సైటులో చేరిన పిల్లలు రెండేళ్లు తిరక్కుండానే అమీర్‌పేటలో జావా కోర్సులో చేరుతున్నారని కంపెనీల వాళ్లు తెగ వాపోతుంటారు. ఆపడానికి వాళ్లకు తోచేది మొదట బాండ్, అంటే ఇన్నేళ్లు మానేయను, మానేస్తే డబ్బు కడతానని రాయించుకునే కాగితం, తప్పదంటే జీతం. పని నేర్పడం అనే మూడో దారి ఎవరికీ గుర్తు రాదు, నా ఓటు మాత్రం దానికే.

బాండ్ సంగతి ముందు తేల్చేద్దాం. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది కదా అని చాలామంది ధైర్యం తెచ్చుకున్నారు. కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి పోటీ పరీక్ష పెట్టి మనిషిని తీసుకోవడానికి అయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఏమీ నేర్పకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే కాంట్రాక్టరు తననీ ఆ లెక్కలో వేసుకుంటే ఎలా? పైగా బాండ్ ఉన్న కుర్రాడు పగలు సైటులో ఉంటాడు, రాత్రి కోడింగ్ నేర్చుకుంటాడు, గడువు తీరిన మర్నాడే వెళ్లిపోతాడు. అదే ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగానికి ఏఈఈ పరీక్ష రాసో, గేట్ స్కోరుతో ఎన్‌టీపీసీకో వెళ్లాడనుకోండి, నష్టం కంపెనీకే, ఇంజనీరు ఇంజనీరుగానే ఉంటాడు.

జీతం మాట వేరు, అది న్యాయమైన గొడవ. నెలకి పద్దెనిమిది వేలంటే రోజుకి ఆరు వందలు, అదే స్లాబు మీద మేస్త్రీ వెయ్యి తీసుకుంటున్నాడు. మేస్త్రీకి అంత రావాల్సిందే, కానీ నాలుగేళ్లు చదివినవాడికి అందులో సగం పైచిలుకు మాత్రమే ఇచ్చి వృత్తి మీద ప్రేమ ఉండాలంటే ఎక్కణ్నుంచి వస్తుంది? మేస్త్రీ కూలి గీత దాటించాక మాత్రం ఇంకో రెండు మూడు వేలు పెంచినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో డబ్బు పోటీలో సివిల్ ఎలాగూ నెగ్గదు.

ఇక నేర్పడం. చాలా సైట్లలో కొత్త పిల్లల చేత క్యూబ్ టెస్ట్ (కాంక్రీటు దిమ్మెని నొక్కి బలం చూసే పరీక్ష) రిజిస్టరు రాయిస్తారు, 7 రోజుల స్ట్రెంత్ ఇంత, 28 రోజులకి ఇంత అని నెలల తరబడి, అది ఎందుకో ఒక్కరూ చెప్పరు. అలా కాకుండా డ్రాయింగ్ చేతికిచ్చి బాల్కనీ స్టీలు చెక్ చేయమనండి. బాల్కనీ స్లాబుకి మెయిన్ స్టీలు పైన ఉండాలి, లేబర్ అటూ ఇటూ తొక్కితే కిందికి దిగిపోతుంది, ఛైర్లు (పై స్టీలుని ఎత్తి పట్టుకునే వంచిన కడ్డీలు) సరిగ్గా పెట్టకపోతే పైకి కనిపించని ప్రమాదం అది. చెక్ చేస్తున్న కొత్తమ్మాయి ఆ తప్పు పట్టుకుని పని ఆపమన్నప్పుడు గేటు దగ్గర రెడీమిక్స్ లారీ నిలబడి ఉంటుంది, మేనేజరు పోసేయమంటాడు. అక్కడ సీనియర్ వచ్చి, "ఆ అమ్మాయి చెప్పింది కరెక్టే, స్టీలు లేపాకే కాంక్రీటు" అన్నాడా, ఆ అమ్మాయికి తన సంతకానికి విలువుందని ఆ రోజే తెలుస్తుంది. ఆ రుచి తెలిసినవాళ్లు అంత తేలిగ్గా వదలరు, నేను చూసినవాళ్లలో నిలబడింది ఎక్కువగా వాళ్లే. (అమ్మాయిలకి సైటులో శుభ్రమైన టాయిలెట్ కూడా పెట్టకుండా ఆఫీసులో ఆటోక్యాడ్ ముందు కూర్చోబెట్టేవాళ్లు ఈ మాట రెండోసారి చదవాలి.)

అందుకే బడ్జెట్ తక్కువుంటే నా వరస ఇది: ముందు జీతాన్ని మేస్త్రీ కూలి దాటించండి, మిగిలిన డబ్బుతో ఐదారుగురికి ఒక మంచి సీనియర్‌ని పెట్టండి, ఆరేసి నెలలు సైటు, బిల్లింగ్, డిజైన్ అన్నీ తిప్పండి, ఆదివారం సెలవివ్వండి. బాండ్ కాగితం అసలు వద్దు.

రెండు ఆఫర్లు చేతిలో ఉన్న పిల్లలు చేరేముందు అడగండి: ఎవరి కింద వేస్తారు, డ్రాయింగులు నా చేతికి వస్తాయా, పని ఆపమని చెప్పే అధికారం నాకుంటుందా? సూటిగా జవాబిచ్చిన చోట రెండు వేలు తక్కువైనా చేరిపోండి.