వేపనూనె సీసా: చిక్కుడు మీద పేనుబంకకి పనికొచ్చిందా?

కావలిలో ఒక పురుగుమందుల కొట్టులో 1500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1500 పాళ్ళు వేపలోని అసలు మందు, అజాడిరక్టిన్) వేపనూనె సీసా తీసుకున్నా, మిద్దె మీద చిక్కుడు పాదుకి నల్ల పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టిందని. లేత కొసలూ పూత కాడలూ అంతా ఆవగింజలు అద్దినట్టు, ముట్టుకుంటే వేలికి జిగురు, ఆ జిగురు కోసం చీమల బారు. కొట్టాయన ఏ మొక్క అని కూడా అడక్కుండా గట్టి మందు చేతిలో పెట్టబోయాడు. కోసుకుని తినే కాయలు కదయ్యా అంటే అప్పుడు తీశాడు ఇది.

లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, చిటికెడు సర్ఫ్ కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టా. సర్ఫ్ మరిచిపోతే నూనె పైకి తేలుతుంది, మొదటిసారి నాకు అదే అయింది. ఒక్కసారికి పోదు, ఎందుకంటే ఆడవి మగదాంతో పనిలేకుండానే పిల్లల్ని పెట్టుకుంటూ పోతాయి. వారానికోసారి మూడుసార్లు కొడితే గానీ చిగురు శుభ్రంగా రాలేదు. వాసన మాత్రం భరించలేం, మా అత్తమ్మ రెండు రోజులు మిద్దె ఎక్కలేదు. ఐదుకి మూడున్నర ఇస్తా.

పక్క ఖాళీ స్థలంలో జిల్లేడు మీద పసుప్పచ్చ పేనుబంక చూసి టెన్షన్ పడి దాన్నీ తడిపా, దండగ. అది జిల్లేడు, గన్నేరు లాంటి వాటి మీదే బతుకుతుంది. చిక్కుడుకి పట్టే నల్లది అలసందకీ వేరుశనగకీ పడుతుంది, అవి పక్కన ఉంటే చూసుకోండి. అక్షింతల పురుగులు (లేడీబర్డ్ అనే చిన్న పెంకు పురుగులు) కనిపించిన కొమ్మ మీద మాత్రం కొట్టకండి, అవి పేనుబంకనే తింటాయి.