సంపు లెక్కలకు ఫోన్ కన్వర్టర్: ఏళ్ల తరబడి వాడాక

తిరుపతిలో ఇళ్లకు సంపులు, ట్యాంకులు కట్టించే పని నాది. మేస్త్రీ అడుగుల్లో చెబుతాడు, ట్యాంకర్ లీటర్లలో వస్తుంది, రెడీమిక్స్ కాంక్రీటు ఘనపు మీటర్లలో ఇస్తారు. వీటి మధ్య లెక్క కుదుర్చుకోవడానికి చాలా ఏళ్లుగా వాడుతున్నది ఫోన్ కాలిక్యులేటర్‌లోని యూనిట్ కన్వర్టరే. నెట్ లేకున్నా పనిచేస్తుంది. గుంతలో దిగి ఉన్నప్పుడు అంతకంటే ఏం కావాలి!

ఎక్కువ పనిపడేది సీఎఫ్‌టీని, అంటే ఘనపుటడుగులను, లీటర్లలోకి మార్చడానికి. ఒక ఘనపుటడుగు 28.32 లీటర్లు. లోపల 8 అడుగుల పొడవు, 5 వెడల్పు, 5 లోతు ఉన్న సంపు 200 ఘనపుటడుగులు, అంటే 5,663 లీటర్లు. పైన అరడుగు ఖాళీ వదిలితే నిలిచేది 5,097. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ పడుతుంది. అదే 8, 5 బయటి కొలతలై, గోడలు 9 అంగుళాలైతే లోపల మిగిలేది ఆరున్నర, మూడున్నర అడుగులే. అంచు దాకా నింపినా 3,221 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ తెప్పించుకునే ఇంటికి ఇది చిన్న తేడా కాదు. అందుకే ముగ్గు పోయకముందే ఈ రెండు అంకెలూ ఇంటివాళ్లకు ఫోన్‌లో చూపిస్తాను.

కల్యాణి డ్యాం, కండలేరు నీళ్ల గురించి పేపర్లో టీఎంసీలు కనిపిస్తే కూడా ఇందులోనే చూస్తాను. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు.

లోపాలూ ఉన్నాయి. అడుగులు, అంగుళాలు విడివిడిగా కొట్టే వీలు లేదు. 5 అడుగుల 6 అంగుళాలను చాలామంది 5.6 అని కొడతారు, కొట్టాల్సింది 5.5. పొడవు, వెడల్పు, లోతు గుణించడం కూడా వేరే తెరలో చేసుకోవాలి. పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, తెలుగులో ఉంటే మేస్త్రీలు కూడా సొంతంగా వాడుకునేవాళ్లు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది గ్యాలన్ దగ్గర. జాబితాలో రెండుంటాయి: అమెరికాది 3.785 లీటర్లు, బ్రిటన్‌ది 4.546. వెయ్యి గ్యాలన్లకు 761 లీటర్ల తేడా. మోటారు ఎంత నీరు తోడుతుందో చెప్పే కేటలాగ్‌లో ఏ గ్యాలనో రాయకపోతే, లీటర్లలో ఎంతో షాపులో రాయించుకున్నాకే కొంటున్నాను.